నిండు డ్రమ్ముల లెక్క

1985 ఏప్రిల్ 8, సోమవారం

నల్లా అరగంట ఆలస్యం. వరసలో మా ఇటుక ఆరోది. మామయ్య బతికుండగా సుత్తితో చెక్కిన అడ్డగీత దాని మీద ఇంకా ఉంది. ఈ చాల్‌లో వరసగా ఉన్న ఒంటి గదులు, గదికొక ఇటుక. నల్లా దగ్గర ఇటుక ఉంటే మనిషి ఉన్నట్టే, ఎవరూ దాన్ని జరపరు. కట్టడం పనికని పాలమూరు నుంచి వచ్చిన తాతల నాటి కట్టుబాటు. గదుల ముందు గ్యాలరీలో పళ్లు తోముకుంటూ మా ఇటుకను చూశాను. దానికున్న నిబ్బరం నాకు లేదు.

ఎందుకంటే, శనివారం మా లాబ్ సార్ చెప్పారు. వచ్చే నెల పుణెలో సెమినార్. నా వ్యాసం తీసుకున్నారట. "మీ ఒక్క పేరు మీదే చదవండి పద్మాబాయీ. నా పేరు తోక అక్కర్లేదు."

పధ్నాలుగేళ్లుగా ఇతరుల వ్యాసాల చివర, చిన్న అక్షరాల్లో, "సహకరించినవారు". ఇప్పుడు పైన, ఒక్కదాన్నే.

సంతోషమే. భయం కూడా.

ఏప్రిల్ 9

ఆయన అడిగారు, "ఇంతకీ ఏం రాసినవ్?" పెళ్లై ఇరవయ్యేళ్లు, మొదటిసారి అడిగారు. తాను పనిచేసే గ్రాంట్ రోడ్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో అర్థమయ్యేలా చెప్పమన్నారు, అక్కడ చెప్పుకోవాలట.

చెప్పాను. కిందటేడు మనవాడు అంతరిక్షానికి వెళ్లొచ్చాడు కదా, చాల్ అంతా మన గదిలో టీవీ ముందు కూచుంది కదా — ఆయన భూమికి దగ్గర్లోనే తిరిగాడు. భూమికి ఒక అయస్కాంత గొడుగు ఉంది, దాని కిందే. నేను రాసింది ఆ గొడుగు దాటి పోయేవాళ్ల గురించి. నలుగురు మనుషులు, కుజగ్రహం దాకా పోయి రావడం, రెండున్నరేళ్లు. నక్షత్రాల అవతలి నుంచి కిరణాలు ఎప్పుడూ తుంపరలా పడుతూనే ఉంటాయి. అప్పుడప్పుడు సూర్యుడు పెద్ద జల్లు విసురుతాడు. మొత్తం మీద ఆ నలుగురి ఒంటికి ఎంత తగులుతుంది? అదీ అంచనా.

"ఎంత తగుల్తది?"

"అంచనా అన్నాను కదా."

"అయితే నీకు కూడా తెల్వదన్నట్టు!" అని సంతోషంగా టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లిపోయారు.

ఏప్రిల్ 11

లాబ్‌లో రోజువారీ పని. ఎక్స్‌రే గదుల్లో పనిచేసేవాళ్లు ఛాతీకి తగిలించుకునే బ్యాడ్జీలు నా బల్ల మీదికి వస్తాయి. లోపల చిన్న ఫిల్ము ముక్క, కిరణం తగిలిన కొద్దీ నల్లబడుతుంది. ఆ నలుపు చూసి మోతాదు చెప్పాలి.

ఇవాళ ఒకటి బొగ్గులా వచ్చింది. హెచ్చరిక ఉత్తరం మొదలుపెట్టి, అనుమానమొచ్చి, ముందు ఫోన్ చేశాను. ఆ మనిషి నెలరోజులుగా సెలవులో ఉన్నాడు. కోటు, కోటుకున్న బ్యాడ్జీ, యంత్రం ఎదురుగా మేకుకు వేలాడుతూ ఉన్నాయి.

బ్యాడ్జీ తానెక్కడుందో చెబుతుంది, మనిషి ఎక్కడున్నాడో చెప్పదు. నా వ్యాసం ఏ మేకుకు వేలాడుతోందో... మూడోసారి మొదటినుంచీ చదివాను. తప్పేమీ కనబడలేదు. కనబడకపోవడం వల్ల భయం తగ్గలేదు.

ఏప్రిల్ 14, ఆదివారం

బియ్యం ఏరుతుంటే మామయ్య గుర్తొచ్చారు. ఈ వ్యాసంలో సగం ఆయనదే, ఆయనకు తెలియదు.

మొదట్లో నేను అంతరిక్ష ఓడ చుట్టూ సీసం గోడ పెట్టి లెక్క కట్టాను. ఎక్స్‌రే గదిలో సీసమే కదా ఆపేది. కానీ ఇవి ఆ కిరణాలు కావు. మహావేగంగా వచ్చే రేణువులు; బరువైన లోహానికి కొట్టుకుంటే దాన్నే చీల్చి, ఆ ముక్కల్ని లోపలికి చిమ్ముతాయి. గోడ మందం పెంచినా అనుకున్నంత లాభం లేదు, ఒక్కోచోట నష్టం. వారం రోజులు నా లెక్కే తప్పనుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. మలబార్ హిల్ వైపు పునాదులకు బండలు పేల్చిన రోజుల గురించి మామయ్య చెప్పేవారు. "కొత్త కాంట్రాక్టర్ తెలివి చేసిండు. తడి గోనెలు వద్దని ఇనప రేకు కప్పిచ్చిండు. రాయి ఆగింది బిడ్డా. రేకు ముక్కలు లేసొచ్చినయ్." ఆయన ఎడమ చెవి తమ్మె లేదు. అది రాయి పని కాదు, రేకు పని.

తడి గోనెలు. తేలికైనవి, నీళ్లు నిండినవి. మర్నాడే సీసం కొట్టేసి నీళ్లు పెట్టాను. ఓడలో తాగడానికి ఎలాగూ నీళ్లు మోసుకుపోవాలి. వాటినే డ్రమ్ముల్లో నింపి, మధ్యలో ఒక చిన్న గది వదిలి, చుట్టూ గోడగా పేర్చడం. సూర్యుడు జల్లు విసిరినప్పుడు నలుగురూ ఆ గదిలో దూరి కూర్చోవాలి. సార్ "సుందర్!" అని మెచ్చుకున్నది దీనికే.

ఏప్రిల్ 15

పక్కగది నర్సవ్వకు చెప్పాల్సి వచ్చింది. చెప్పకపోతే ఊరుకునే మనిషి కాదు. నల్లా వరసకు ఆమే పెద్ద. ఇటుకల తగువులన్నీ ఆమె దగ్గరే తేలతాయి. మూడు గదుల అవతల నేను పుట్టినప్పుడు మంత్రసానికి నీళ్లు కాచి పెట్టింది, ఇదే గ్యాలరీలో నన్ను కోడలిగా అప్పగించుకున్నదీ ఆమే. కాబట్టి నా మీద అధికారం రెండువైపులా.

"నలుగురా? ఎన్ని దినాలు?"

"రెండున్నరేళ్లు నర్సవ్వా."

"నడుమ నల్లా ఉండదా?"

"ఉండదు."

"ఆడోళ్లున్నరా?"

"ఇద్దరు ఆడ, ఇద్దరు మగ అనుకున్నాను."

"మరి తలస్నానాలు?" అంది. తడిగుడ్డతో తుడుచుకుంటారన్నాను. నర్సవ్వ ముఖం చిట్లించింది. "రెండున్నరేండ్లు తుడుసుకునుడేనా? గందుకే గా చుక్కలకు ఎవ్వడు పోతలేడు."

ఏప్రిల్ 17

వ్యాసం సంక్షేపం, ఒక పేజీ సారాంశం, పోస్టు చేశాను. అచ్చుకు పోతుంది. చివరి వాక్యంలో నా అంకె. డబ్బాలో వేశాక రెండు వేళ్లు లోపలికి పెట్టి చూశాను, అందుతుందేమోనని.

ఏప్రిల్ 22

కంప్యూటర్ వంతు ఇవాళ. నా లెక్కను రంధ్రాలుగా పొడిచిన కార్డుల కట్ట ఆపరేటర్‌కిచ్చి నాలుగు గంటలు కూర్చున్నాను. అక్కడా ఒక ఇటుక ఉంటే బాగుండేది. కట్ట తిరిగొచ్చింది — ఒక కార్డులో రంధ్రం తప్పుచోట పడింది. మళ్లీ గురువారం.

ఏప్రిల్ 26

గురువారం కట్ట బాగా నడిచింది. నా చేతిలెక్క, యంత్రం లెక్క దాదాపు ఒకటే. రాత్రి ఆయనకు రెండు చపాతీలు ఎక్కువ వేశాను. కారణం చెప్పలేదు.

మా అమ్మాయి చిత్ర బొమ్మ గీసిస్తానంది, సెమినార్‌లో తెర మీద చూపడానికి. పదహారేళ్లు. ఇంట్లో మరాఠీ, గ్యాలరీలో హిందీ, నర్సవ్వ తిడితే మాత్రం తెలుగు. అమ్మా అనడం మాని నన్ను ఎప్పటినుంచి "ఆయీ" అంటోందో గుర్తులేదు.

"ఆయీ, డ్రమ్ము ఏ రంగు?"

"అంతరిక్షంలో రంగెందుకే?"

"మనది నీలం. నీలమే వేస్తా."

ఓడ గీసింది. నడుమ చిన్న గది, చుట్టూ నీలం డ్రమ్ములు, ఒక్కో డ్రమ్ము మీద మూత, మూత మీద చెంబు. చెంబులు తీసెయ్యమన్నాను. "మరి నీళ్లెలా ముంచుకుంటారు?" అంది. పంపు ఉంటుందని చెప్పి ఒప్పించేసరికి చాయ్ చల్లారింది.

ఏప్రిల్ 30

అచ్చయిన సంక్షేపాల పుస్తకం వచ్చింది. నా పేరు. ముందూ వెనకా ఇంకెవరూ లేరు. కిందే ఆ అంకె.

ఆయన పుస్తకాన్ని పార్సిల్ ఆఫీసుకు తీసుకుపోయారు. సాయంత్రం తిరిగొచ్చింది, అట్ట మీద చాయ్ గ్లాసు గుండ్రటి మరకతో. "అందరూ చూసిండ్రు మేడం. అర్థం కాలేదు గాని మంచిగుందన్నరు."

మూడుసార్లు తెరిచి చూశాను. నాలుగోసారి సిగ్గేసి బీరువాలో పెట్టాను.

మే 4, శనివారం

నల్లా రాలేదు. పైపు పగిలిందట, ఫోరస్ రోడ్ వైపు తవ్వుతున్నారట, రేపు కూడా అనుమానమేనట. నర్సవ్వ ఉదయాన్నే గ్యాలరీ పొడవునా డ్రమ్ములు తనిఖీ చేసింది. మూతలు తియ్యదు. వేలి మెటికతో పైనుంచి కిందికి కొట్టుకుంటూ వస్తుంది. ఖాళీ ఉన్నంతవరకూ ఖంగుమంటుంది, నీళ్లున్న చోట ధబ్బుమంటుంది. అక్కడ ఆగి, "ఇది రేపు పొద్దటిదాంక", "ఇది మాపటికే" అని చెప్పేస్తుంది. ఎప్పుడూ తప్పదు.

మా గుమ్మం దగ్గర చిత్ర బొమ్మ ఆరబెట్టి ఉంది. నర్సవ్వ వంగి చూసింది. నవ్వింది. కాగితం మీద నీలం డ్రమ్మును మెటికతో కొట్టింది.

"ఇవన్నీ నిండుగున్నయా?"

"నిండుగానే నర్సవ్వా."

"పోయేటప్పుడు నిండుగుంటయ్. వచ్చేటప్పుడు?"

నేను బొమ్మ చేతిలోకి తీసుకున్నాను.

"నువ్వే అంటివి గదనే, తాగే నీళ్లే గోడ అని. గోడను తాక్కుంట పోతే, ఆఖరికి గోడేదే?"

చిత్ర పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాను.

మే 5

నలభై మూడేళ్లు ఈ డ్రమ్ముల మధ్య బతికాను. పొద్దున నిండు, మాపటికి అడుగు. ఆ శబ్దం వినే నిద్ర లేస్తాను. అయినా కాగితం మీద పెట్టేసరికి డ్రమ్ము అంటే నిండు డ్రమ్మే అయిపోయింది. మొదటిరోజు ఎంతో, రెండున్నరేళ్ల తర్వాతా అంతే. ఎలా రాశాను?

కొత్తగా కట్టాను. తుంపర వాటా పెద్దగా మారదు, దాన్ని నీళ్లు ఎలాగూ పూర్తిగా ఆపవు. కానీ సూర్యుడి జల్లు తిరుగు ప్రయాణం చివర్లో వస్తే? అప్పటికి డ్రమ్ములు ఖంగుఖంగు. మొత్తం దాదాపు రెండింతలు.

అచ్చులో ఉన్నది తప్పు. నా పేరు కింద.

నల్లా సాయంత్రం వచ్చింది. చాల్ అంతా పండగ. మా ఇటుక రెండోది. నేను బిందె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు, వెనక ఇటుకవాళ్లు కేకలేశారు.

మే 7

సార్‌కు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నేనూ చదివాను కదా పద్మాబాయీ. నాకూ తట్టలేదు." తర్వాత, "నీళ్లు స్థిరంగా ఉన్నాయని ఊహించాం అని ఒక వాక్యం కలిపేయండి. అందరూ ఏదో ఒకటి స్థిరం అనుకుంటారు. ఎవరూ అడగరు."

"అడిగితే?"

"అడగరు."

"సార్, మా పక్కింటావిడ అడిగింది."

ఆయన నవ్వేశారు. "అయితే వ్యాసం వెనక్కి తీసుకోండి, వచ్చే ఏడు చదువుదురు. లేదా వేదిక మీద నిలబడి అచ్చులో అంకె తప్పని చెప్పండి. మీ ఇష్టం." మూడు దారులు. నాకు ఒక్కటి ఇచ్చినా తేల్చుకోలేను.

మే 8

తేల్చుకోలేదు.

మే 9

వెనక్కి తీసుకుంటానని ఉత్తరం రాశాను. సంచిలో పెట్టుకుని వెళ్లాను, సంచిలోనే తిరిగొచ్చింది. ఆయన చూశారు. "ఉత్తరం పోస్టులో పడలేదంటే వెళ్లాలనే ఉందన్నట్టు." పార్సిల్ ఆఫీసు తర్కం.

మే 12, ఆదివారం

చిత్ర బియ్యం కడిగిన నీళ్లు మోరీలో పారబోసింది. పక్కగదిలోంచే వినిపించింది నర్సవ్వకు. వచ్చేసింది.

"ఏందే మహారాణీ! నీ తాత సముద్రం రాసిచ్చిండా? బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలకు. గిన్నెలు కడిగిన నీళ్లు బండలకు. బండలు కడిగినయ్ పాయఖానకు. నాలుగు పనులు చెయ్యని నీళ్లను పారబోస్తరా ఎవరన్న?"

"కాయ్ గ ఆజీ, ఒక చెంబే కదా అవ్వా!"

"చెంబుకు చెంబు ఎక్కడికెల్లి వస్తది?"

నేను చపాతీ పిండి కలుపుతున్నాను. చేతులు ఆగిపోయాయి.

వాడిన నీళ్లు. వాడినంత మాత్రాన నీళ్లు కాకుండా పోతాయా? తాగిన నీళ్లు ఎక్కడికి పోతాయి — ఓడ మూసిన డబ్బా, బయటికి దారి లేదు. మనిషిలోంచి వచ్చినవి, కడుక్కున్నవి, అన్నీ మళ్లీ డ్రమ్ములోకే. లోపలి వరస డ్రమ్ముల్లోంచి తాగుతూ, వాడినవి ఖాళీ అయిన వాటిలో నింపుకుంటూ పోతే, గోడ గోడలాగే ఉంటుంది. ఏ నీళ్లో మారుతుంది, అంతే. సూర్యుడికి మడీ మైలా లేదు.

పిండి చేతులతోనే వెళ్లి నర్సవ్వను పట్టుకున్నాను.

"నర్సవ్వా, గోడ దొరికింది! వాడిన నీళ్లు డ్రమ్ముల్లోకే పోస్తారు."

"ఏ నీళ్లు?"

"అన్నీ."

"అన్నీ అంటే?"

"అన్నీ."

నర్సవ్వకు అర్థమైంది. రెండు చేతులూ చెంపలకు వేసుకుంది. "అయ్యో నా తల్లీ! మూత్రాన్ని మూటగట్టి చుట్టూ పెట్టుకుని పండుకుంటరా ఆళ్లు?" మూడో అంతస్తు మొత్తం వినేలా. ఆయన భోజనం దగ్గర కూర్చున్నారు, పప్పు గిన్నె పక్కకు జరిపారు. "ఇది పార్సిల్ ఆఫీసుల చెప్పను," అన్నారు.

చిత్ర మాత్రం అప్పటికే పెట్టె తెరిచి పసుపురంగు పెన్సిల్ వెతుకుతోంది.

మే 13

వెనక్కి తీసుకునే ఉత్తరం చించాను. మూడు ముక్కలు. తర్వాత ఒకదాని వెనక లెక్క వేశాను, కాగితం ఎందుకు పారెయ్యాలి.

మే 16

కార్డులు. ఈసారి రంధ్రాలన్నీ సరిగ్గానే పడ్డాయి.

వాడిన నీళ్లు తిరిగి వస్తే, చివర్లో జల్లు వచ్చినా అంకె భయపెట్టేంత కాదు. అచ్చయిన దానికంటే మాత్రం ఎక్కువే. ఎందుకంటే అన్ని నీళ్లూ తిరిగి రావు. కొంత తగ్గుతుంది. ఎంత? ఒక విలువ ఊహించి వేశాను. ఊహించాను అని రాశాను. ఆ మాట కింద గీత కూడా గీశాను.

ఇప్పుడు మూడు అంకెలున్నాయి. అచ్చులోది, నా గుండె ఆపినది, ఇవాళ్టిది. మూడూ చెప్పాలి. ఒకటి చెప్పి రెండు దాచడం తెలియదు నాకు. తెలిసుంటే ఈపాటికి పెద్ద ఆఫీసర్నయ్యేదాన్ని.

మే 20

సార్ కొత్త ప్రతి చదివారు. చివర "కృతజ్ఞతలు" దగ్గర ఆగారు.

"శ్రీమతి నర్సవ్వ, కామాటిపుర. ఏ సంస్థ?"

"సంస్థ లేదు సార్. నల్లా."

పెన్సిల్ తీసుకున్నారు. కొట్టేస్తారనుకున్నాను. "శ్రీమతి" స్పెల్లింగు దిద్దారు.

మే 23

పుణె రైలు. ఘాట్లలో సొరంగాలు వచ్చినప్పుడల్లా పెట్టెలోవాళ్లంతా కేకలు. నేను కూడా ఒకసారి అరిచాను, చీకట్లో ఎవరు చూస్తారని. సంచిలో చిత్ర గీసిన బొమ్మలు రెండు: అన్నీ నీలం డ్రమ్ములు, సగం నీలం సగం పసుపు డ్రమ్ములు. నర్సవ్వ కట్టిచ్చిన జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం. "ఆడ తుడుసుకునుడు గిట్ల పెట్టుకోకు, స్నానం చేసి పో."

స్నానం చేశాను.

మే 24, శుక్రవారం

చదివాను.

మొదటి వాక్యమే: మీ చేతుల్లోని పుస్తకంలో నా అంకె సరైనది కాదు. కాగితాలు తిరగేసిన చప్పుడు. ముందువరసలో ఎవరో కళ్లద్దాలు పెట్టుకున్నారు. నీలం బొమ్మ చూపించాను. తాగుతూ పోతే ఏమవుతుందో చెప్పాను. ఎక్కడో ఒకరు "అరె!" అన్నారు. వెనక్కి వాలి కూర్చున్నవాళ్లు ముందుకు వంగారు. అది నేను చూశాను. అది మర్చిపోకూడదని ఇక్కడ రాస్తున్నాను.

పసుపు బొమ్మ వచ్చేసరికి హాలంతా నవ్వు. మంచి నవ్వే.

తర్వాత తెల్లజుట్టు పెద్దాయన లేచారు. మెల్లగా, మర్యాదగా: "తిరిగిరాని నీళ్ల వాటా మీరు ఊహించారు. ఆ ఊహకు ఆధారం?"

సార్ అడగరన్నారు. అడిగారు.

"ఆధారం లేదండీ," అన్నాను. "కొలవలేదు. కొలుస్తాను."

"ఎక్కడ?"

నోట్లోంచి వచ్చేసింది: "ఇంట్లో."

మళ్లీ నవ్వు. పెద్దాయన నవ్వలేదు, తల ఊపారు. చాయ్ దగ్గర కలిసి చెప్పారు, పూర్తి వ్యాసం జూన్ పదిహేను లోపు పంపండి, ఆ ఒక్క విలువ ఆధారంతో రాస్తే సెమినార్ సంపుటంలో వేస్తాం. లేకపోతే? లేకపోతే సంక్షేపమే మిగులుతుందన్నారు. అంటే తప్పు అంకె.

మే 26

నర్సవ్వకు మొత్తం చెప్పాను. ఆమె పేరు తెర మీద పడిందని కూడా. కొంగు సర్దుకుంది. తర్వాత, "నా పేరు పక్కన మూత్రం మాట రాసినవా?" రాయలేదని ఒట్టేశాను.

"అయితే కొలుద్దాం. గదేం పెద్ద పని."

మే 29

పెద్ద పనే. ఇంట్లో ముగ్గురం. మూడు బొట్లు అటూ ఇటూ పోతే ముగ్గురం ఒకరినొకరు చూసుకుంటున్నాం. చిత్ర చేతులు కడుక్కోవాలన్నా నన్ను అడుగుతోంది. ఆయన స్టేషన్‌లో కడుక్కుని వస్తున్నారు. అది మోసం. లెక్క చెడిపోయింది, ఆదివారం మళ్లీ మొదలు.

చాల్ వేరు, ఓడ వేరు, తెలుసు నాకు. ఇక్కడ కిటికీ ఉంది, అక్కడ లేదు. అయినా అసలు కొలవనిదానికంటే ఇక్కడ కొలిచింది నయం కాదా? నయమనే అనుకుంటున్నాను. ఈ పూటకి.

జూన్ 2, ఆదివారం

ముగ్గురం ఇంట్లోనే. గడప దాటొద్దన్నాను, పాయఖానాకు తప్ప. పొద్దున నల్లా నీళ్లు ఒక డ్రమ్ము నింపి సుద్దతో గీత. రోజంతా దాంట్లోంచే వంట, తాగడం, స్నానాలు, గిన్నెలు. వాడిన ప్రతి చుక్కా రెండో డ్రమ్ములోకి. స్నానానికి పెద్ద తట్టలో నిలబడ్డాం. పాయఖానాకు పోయినవి చెంబులతో కొలిచి విడిగా రాసింది చిత్ర, ముక్కు మూసుకుని, అయినా ఒక్కటీ వదలకుండా.

సాయంత్రం ఐదింటికి నర్సవ్వ మళ్లీ వచ్చి రెండు డ్రమ్ములూ మెటికతో కొట్టింది. మొదట ఒకటి, తర్వాత రెండోది. చెవి దగ్గర పెట్టింది. "బెత్తెడు తక్కువున్నయ్," అంది. కర్ర దించి చూశాం. పాయఖానా చెంబులు పోను బెత్తెడే.

"ఆ బెత్తెడు ఏమైంది నర్సవ్వా?"

"ఏమైతది? చీర ఆరేసినవ్, గాలికి పోయినయ్. అన్నం ఉడికింది, పొగ పోయింది. నీ మొగడు పంకా కింద కూడా చెమటలు కక్కుతడు."

ఆయన లోపల్నుంచి: "నేను పరీక్షల ఉన్నననే కదా చెమటలు!"

ఇవన్నీ ఓడలో గాల్లోనే ఉంటాయి, గాల్లోంచి మళ్లీ పట్టుకోవచ్చు. కాబట్టి బెత్తెడులో చాలా భాగం తిరిగొచ్చేదే. చీరకు ఎంత, అన్నానికి ఎంత అని చిత్ర, నేను కూర్చుని విడదీశాం. తడిచీర తూచాం, ఆరిన చీర తూచాం. బియ్యం తూచాం, అన్నం తూచాం. ఒంటి చెమటకు అంచనా వేశాం. అన్నీ కలిపినా ఇంకా కొంత తేడా. రెండు గ్లాసులంత. అటు తిప్పాం, ఇటు తిప్పాం, దొరకలేదు. వ్యాసం పట్టికలో తిరిగిరాని నీళ్ల గడి దగ్గర పెన్సిల్ పట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

నర్సవ్వ గుమ్మంలో లేచి నిలబడింది, చీర దులుపుకుంది.

"నేను తాగిన రెండు చాయ్‌లు రాసినవా?"

రాయలేదు. మధ్యాహ్నం ఒకటి, నాలుగింటికొకటి. తాగి, ఆ నీళ్లను కడుపులో తన గదికి పట్టుకుపోయింది. ముగ్గురమూ ఆమెను చూస్తూ కూడా నీళ్లు బయటికి పోతున్నాయని ఎవరికీ తట్టలేదు. పక్కగది మనిషి లోపలి మనిషే అనుకున్నాం.

చిత్ర నవ్వీ నవ్వీ నేల మీద కూర్చుంది. నర్సవ్వకు కోపం వచ్చింది. "రెండు చాయ్‌లకు గింత లెక్కనా? ఇగ నీ ఇంట్ల తాగను పో!" అని, పోకుండా అక్కడే నిలబడింది.

తేడా సరిపోయినట్టే. ఓడకు పక్కగది ఉండదు కాబట్టి ఆ రెండు గ్లాసులు కొట్టెయ్యాలి. కొట్టేశాను. మళ్లీ రాశాను. నలుగురు మనుషులు, రెండున్నరేళ్లు, చాయ్‌కి వచ్చేవాళ్లు ఒక్కరూ లేకుండా... అది నా గడి కాదు, తెలుసు.

ఒక్కరోజు కొలత చాలదు, పెద్దాయన ఒప్పుకోరు. రేపు సెలవు పెట్టాను, ఇంకోసారి కొలవాలి. నర్సవ్వను చాయ్‌కి పిలవాలా వద్దా — తేలలేదు.